చిలుక మింగిన గొంతులు

అనగనగా కలువకోట అనే రాజ్యం. దాన్నేలే రాజు వీరబాహుడు. కత్తి తిప్పడంలో ఆయనకు సాటి లేరు గానీ అక్షరం ముక్క రాదు. ఆ సంగతి రాణి కనకవల్లికి తప్ప ఎవరికీ తెలియదు.

ఏడు సముద్రాల అవతల కాలదంష్ట్రుడనే మాంత్రికుడుండేవాడు. వాడి ప్రాణం ఒక చిలుకలో ఉంది. దీపాలు పెట్టే వేళకు అది కలువకోటకు ఎగిరొచ్చి ఇళ్ళ చూరు మీద వాలి, మనకు కావలసినవాళ్ళ గొంతుతో పిలిచేది. "ఆఁ" అని పలికారా, గొంతు పోయినట్టే. రాణిని చనిపోయిన తల్లి గొంతుతో పిలిచింది. పలికింది పాపం. మర్నాడు రాజును రాణి గొంతుతో పిలిచింది. ఏ మొగుడు పలకడు? అలా ఇల్లిల్లూ మూగబోయింది. పసిపిల్లలకు జోలపాడే దిక్కు లేదు.

గురుకులంలో ఉండబట్టి రాకుమారులు ముగ్గురూ తప్పించుకున్నారు. చిన్నవాడు శరభుడు మాటలు వచ్చిన ఒక ముసలి తాబేలు వీపెక్కి సముద్రాలు దాటి, మాంత్రికుడి గుహలో చిలుక మెడ పట్టుకున్నాడు.

"నొప్పిగా ఉంది, వదలరా నాయనా," అంది చిలుక, అచ్చం అమ్మ గొంతుతో. వాడు పట్టు సడలించాడు.

"దాన్ని చంపితే లోపలి గొంతులన్నీ చస్తాయి," అంది తాబేలు. "ఎవరి పేరు వాళ్ళు తమ చేత్తో రాసుకుంటే ఎవరి గొంతు వాళ్ళకొస్తుంది. అన్నీ వెళ్ళిపోతే చిలుకా చస్తుంది, మాంత్రికుడూ చస్తాడు."

శరభుడు చిలుకను వదిలేసి, తిరిగొచ్చి అన్నలకు ఈ సంగతి చెప్పాడు. పెద్దవాడు అందరి పేర్లూ తానే గోడల మీద రాసేశాడు. ఒక్క గొంతూ రాలేదు. రెండోవాడు కోటలో పండితులను కూర్చోబెట్టాడు. వాళ్ళ శ్లోకాలకూ బెత్తాలకూ జడిసి జనం గడప తొక్కలేదు. శరభుడు తెల్లారగానే ఇంటింటి వాకిట్లో చతికిలబడి, ముగ్గేసే ఆడవాళ్ళ చేత ఆ పిండితోనే పేరు దిద్దించాడు.

"ఇన్ని మెలికలు తిప్పే చేతికి అక్షరం ఒక లెక్కా అమ్మా?" అనేవాడు.

ముందుగా రాణి రాసింది. "శరభా" అని పిలిచింది. వాడు భోరుమన్నాడు. నేర్చిన ఆడవాళ్ళు మొగుళ్ళకూ పిల్లలకూ నేర్పారు.

రాజు మాత్రం సిగ్గుకొద్దీ అక్షరాలు దిద్దడానికి కూర్చోలేదు. రాణి రోజూ ఆయన గది ముందు ఆయన పేరే ముగ్గుగా వేసేది. ఆయన చూసీ చూడనట్టు దాటిపోయేవాడు. చివరికి చిలుకలో ఆయన గొంతొక్కటే మిగిలింది.

ఒకనాడు నిండు కొలువులో, సింహాసనం వెనక తెర చాటు నుంచి, రాజు గొంతు ఖంగున మోగింది. "శరభుడు ద్రోహి. వాడి తల తీయండి."

రాజుగారికి గొంతొచ్చిందనుకున్నారు భటులు. ఆయన పెదవులు కదలలేదని ఎవరూ చూడలేదు. వద్దని చేతులూపితే తొందరపెడుతున్నాడనుకుని కత్తులు దూశారు.

రాణి పరుగున వచ్చి ఆయన గుప్పిట్లో ముగ్గుపిండి పోసింది. "నేను చెయ్యి పట్టుకోకూడదు. మీరే రాయాలి," అంది ఏడుస్తూ.

అందరూ చూస్తుండగా రాజు మోకాళ్ళ మీద కూలబడి, రోజూ దాటిపోయిన ఆ ముగ్గును గుర్తు చేసుకుంటూ, వంకరటింకరగా తన పేరు రాశాడు. తెర వెనక చిలుక దబ్బున పడింది.

"ఆగండిరా," అన్నాడు రాజు, సొంత గొంతుతో.

శరభుడికి వైభవంగా పెళ్ళయింది. రాజు చాలాకాలం చల్లగా ఏలాడు. రోజూ పొద్దున్నే కోట వాకిట్లో తన పేరు తానే ముగ్గుగా వేసేవాడు. మగాడు ముగ్గేయడమేమిటని ఎవరైనా నవ్వితే, పక్కకు జరిగి పిండిగిన్నె వాళ్ళ చేతికిచ్చేవాడు.