అంచు విరిగిన జాడీ అమ్మ

కొరియా దేశపు దక్షిణాన, వరి మళ్ళ నడుమ సోల్గోల్ అనే ఊరుంది. అక్కడి గుట్టమీది గుడిలో విగ్రహం లేదు. నడుమెత్తు మట్టి జాడీ ఒకటుంది. దాని మూత అంచు విరిగి ఉంటుంది. ఊరివారు దానినే జాడీ అమ్మగా కొలుస్తారు. అత్తాకోడళ్ళు కలిసి వస్తేనే ఇక్కడ మొక్కు చెల్లుతుంది. ఒంటరిగా వచ్చినవారిని గుడి చూసుకునే అవ్వ మర్యాదగానే వెనక్కి పంపుతుంది.

పూర్వం ఊళ్ళో యూన్ వంశంవారి ఇల్లుండేది. ఆ ఇంటి పెద్దావిడ ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి. బియ్యపు పెట్టె తాళంచెవి ఎప్పుడూ ఆమె నడుముకే వేలాడేది. పూటపూటకూ సొరబుర్రతో బియ్యం కొలిచి ఇచ్చి, మిగిలినవాటి మీద వేలితో గుర్తు గీసి మరీ తాళం వేసేది. ఎలుక తిన్నా తెలియాలి కదా.

ఆ ఇంటికి సున్‌రే కోడలిగా వచ్చింది. కరువులో విత్తనాలు వండుకు తిని, మరుసటేడు చేను బీడుపెట్టుకున్న పుట్టింటి కష్టం చూసిన పిల్ల. అందుకే ప్రతి పూటా తన వంతు బియ్యంలోంచి పిడికెడు తీసి, పెరట్లోని పచ్చడి జాడీల వరుసలో చివరిదాంట్లో పోసేది. కలలో తెల్లజుట్టు అవ్వ కనబడి అలా చేయమన్నదని పెద్దలంటారు. అర్ధాకలితో పడుకున్న పిల్లకు అవ్వతోపాటు అన్నం కుండ కూడా కనబడే ఉంటుంది. అత్తకు మాత్రం చెప్పలేదు. చెబితే మర్నాటినుంచి ఆ పిడికెడూ తగ్గించి కొలుస్తుందని భయం.

మూడేళ్ళు గడిచాయి. వరుసగా రెండు పంటలు ఎండిపోయి, ఇంట్లో విత్తనపు వడ్లు మాత్రమే మిగిలాయి. మామగారు వాటినే దంచమన్నారు.  సున్‌రే పరుగున పెరట్లోకి వెళ్ళి చివరి జాడీ మూత పక్కకు జరిపింది. వెనకాలే వచ్చిన అత్త లోపలి బియ్యం చూసి మండిపడింది.

“మా తిండి దాచి పుట్టింటికి మోస్తున్నావుటే?” అని ఇనుప తాళంచెవితో మూత మీద కొట్టింది. అంచు విరిగి పడింది.

“అవి నా ముద్దలోవే అత్తయ్యా. ఇవి వండండి, వడ్ల జోలికి మాత్రం పోకండి,” అంది సున్‌రే.

అత్త మోచేతిదాకా చెయ్యి పెట్టి చూసింది. అడుగంటా బియ్యమే. చిక్కిపోయిన కోడలి మణికట్టు కేసి అప్పుడు చూసింది. సిగ్గుతో ఆవిడ కళ్ళు నిండాయి.

“బియ్యం కొలిచానే గాని నీ కడుపు చూడలేదు తల్లీ. ఇక నువ్వే కొలువు,” అని తాళంచెవి తీసి కోడలి నడుముకు కట్టింది.

ఆ బియ్యంలో ఆకుకూర కలిపి జావ కాచుకుని ఇంట్లోని ఎనిమిది మందీ బార్లీ కోతలదాకా గట్టెక్కారు. వాన పడింది. మిగతా ఇళ్ళవారు విత్తనాలు తినేశారు గనుక, ఆ ఏడు ఊళ్ళో నాటు పడింది యూన్ వారి మళ్ళలోనే. పంట ఇంటికి రాగానే సున్‌రే ఊళ్ళో ప్రతి గడపకూ విత్తనం పంచింది. మరుసటేడు సోల్గోల్ అంతా పచ్చగా ఊగింది. ఆ జాడీని జనమే గుట్టమీదికి మోసుకువచ్చి గుడి కట్టారు.

ఇప్పటికీ కొత్త కోడలు రాగానే అత్త ఆమెను ఇక్కడికి తీసుకువస్తుంది. విరిగిన అంచును కళ్ళకద్దుకుని ఇద్దరూ చెరో పిడికెడు బియ్యం పోస్తారు. అలా చేసిన ఇంట విత్తనానికి లోటు రాదని నమ్మకం. ఇంటికి వెళ్ళాక మొదటి గిన్నె నిండుగా కోడలికే వడ్డించాలి. అదీ అత్త చేత్తోనే. అంతవరకూ మొక్కు తీరినట్టు కాదు.