మొక్కిన పొట్టేలు

విరూపాక్షప్ప జువాలజీ లెక్చరరుగా రిటైరై చాలా కాలమైంది. పాత శిష్యులు ఏదైనా అడగడానికి వస్తే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. చెప్పులు వేసుకుని, "పదప్పా, అట్లా నడిచొద్దాం" అంటాడు.

ఆ సాయంత్రం వచ్చినవాడు నాగభూషణం. ఆయన దగ్గరే చదివి, అదే ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి ఇప్పుడు ప్రిన్సిపాల్ అయ్యాడు.

"ఈ కాలం పిల్లలకు ఏమైంది సార్? పాఠం చెప్పి, సందేహాలుంటే అడగండి అంటే ఒక్కరూ నోరు విప్పరు. మా రోజుల్లో క్లాసుకు నలుగురైనా లేచేవాళ్లు. ఫోన్ల వల్లనా, పెంపకం వల్లనా?"

మాటల్లోనే ఇంకో సంగతీ చెప్పాడు. గంగోత్రి అనే రెండో సంవత్సరం అమ్మాయి హాస్టల్ తనిఖీకి వచ్చిన అధికారుల ముందు లేచి, "నీళ్లు ఈ రోజే ఎందుకొచ్చాయి సార్?" అని అడిగిందట. ఆమెకు టీసీ ఇచ్చి పంపేస్తున్నారు. రేపు తండ్రి వచ్చి తీసుకెళ్తాడు. "క్రమశిక్షణ ముఖ్యం గదా సార్."

విరూపాక్షప్ప చెప్పులు వేసుకున్నాడు.

ఊరి చివర కురువ సోమన్న గొర్రెల దొడ్డి ఉంది. వాళ్లు వెళ్లేసరికి సోమన్న ఒక పొట్టేలు పిల్లను కాళ్ల మధ్య ఇరికించుకుని నుదుటికి పసుపు పూస్తున్నాడు. ఆ ఏడు పుట్టినవాటిలో అన్నిటికంటే ఏపుగా పెరిగిన పిల్ల అది. పసుపు పూస్తే అమ్మవారికి మొక్కినట్టే. మొక్కినదాన్ని గొర్రెలతో కలవనివ్వరు. జాతర దాకా విడిగా కట్టి మేపుతారు. సోమన్న ఇంట్లో తాతల నాటి నుంచి ఇదే ఆచారం.

"మంద ఎట్లుంది సోమన్నా?"

"ఏం చెప్పేది సార్. మా నాయన కాలంలో పొట్టేలంటే నా నడుముకొచ్చేది. ఇప్పుడు మోకాలు దాటేది లేదు. మేపుతానే ఉండా, మందులు తాపుతానే ఉండా. ఏ పాపం తగిలిందో. ఇట్లే ఉంటే వచ్చే ఏడు మంద అమ్మేసి బెంగుళూరుకు కూలికి పోవాల్సిందే."

దొడ్డి ఊడుస్తున్న అతని భార్య ఈరమ్మ తలెత్తకుండా అంది: "నిన్న కుక్క వీటిని పిల్లులనుకొని తరిమింది సార్."

"ఒక్క ఏడు బక్కదాన్ని మొక్కుకోరాదా?" అని విరూపాక్షప్ప అడిగాడు.

సోమన్న నొచ్చుకున్నాడు. "అమ్మవారికి బక్కదా సార్? మంచిదే ఇయ్యాల. మిగిలినవి చాలవా మాకు?"

దారిలో నాగభూషణం నవ్వాడు. "పెద్దగా పెరిగే గుణమున్నదాన్ని పిల్లలు పుట్టకముందే ప్రతి ఏడూ ఏరి తీసేస్తున్నాడు. మిగిలిన గిడసవే తండ్రులవుతున్నాయి. మంద చిన్నదవక ఏమవుతుంది? మనం ఫస్టియర్‌లో చెప్పే పాఠమే గదా సార్ ఇది. పాపం, అతనికెవరూ చెప్పలేదు."

"బాగా చెప్పావు" అన్నాడు విరూపాక్షప్ప.

ఇద్దరూ కాలేజీ వైపు నడిచారు. గేటు దగ్గర నాగభూషణం వాచీ చూసుకున్నాడు. ఆఫీసులో గుమాస్తా టీసీ సిద్ధం చేసి సంతకం కోసం కూర్చుని ఉన్నాడు.

"నా ప్రశ్నకు మీరింకా జవాబు చెప్పనే లేదు సార్."

విరూపాక్షప్ప గేటు లోపలికి చూశాడు.

"నీతోపాటు చేరిన లెక్చరర్లలో మీటింగుల్లో లేచి అడిగేవాళ్లు కొందరుండేవాళ్లు. అందరికీ ఎక్కడెక్కడికో బదిలీలయ్యాయి. నువ్వొక్కడివే ఇక్కడ మిగిలావు. ఎందుకో ఎప్పుడైనా ఆలోచించావాప్పా?"