కీచైన్‌కి ఇచ్చిన నంబర్లు

సువర్చల మేడమ్‌ని ఏదైనా అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. లా కాలేజీలో పాఠాలు చెప్పిన రోజుల్లోనూ అంతేనట. తార్నాకలో గవాక్షం ఫౌండేషన్‌కి పెద్దదిక్కుగా వచ్చాక కూడా ఆవిడ ఆ అలవాటు మానలేదు. జనం వివరాలు ఫోన్లలోంచి, యాప్‌లలోంచి ఎవరి చేతుల్లో పడుతున్నాయో చూడటం, ప్రభుత్వం దానికి ఎలాంటి నియమాలు పెట్టాలో చెప్పడం ఆ సంస్థ పని. లాభం కోసం నడిచేది కాదు గనక ఏసీ కూడా అంతంతమాత్రమే. ఆ వేసవిలో అక్కడ ఇంటర్న్‌షిప్ చేసిన విద్యార్థుల్లో నేనూ ఉన్నాను. అయితే ఈ కథ నాది కాదు, యాకూబ్‌ది.

యాకూబ్ మహబూబాబాద్ నుంచి వచ్చిన లా విద్యార్థి. దుకాణాల్లో బిల్లు వేసేటప్పుడు ఫోన్ నంబరు అడగవచ్చా, కూడదా అన్న విషయం మీద అప్పట్లో ముసాయిదా నియమాలు తయారయ్యాయి. అందరి అభిప్రాయాలూ వినడానికి ఒక ప్రభుత్వ కమిటీ కూర్చుంది. మా సంస్థకి అయిదు నిమిషాలు దొరికాయి. ఆ అయిదు నిమిషాలూ యాకూబే మాట్లాడతాడని మేడమ్ ప్రకటించారు. ఒక ఇంటర్న్‌కి అలాంటి అవకాశం రావడం అదే మొదలు. వాడి కాళ్లు నేలమీద ఆనలేదు. ఊళ్లో వాళ్ల నాన్న అప్పుడే వీధి వీధంతా చెప్పేశాడట.

ఉత్త మాటలు ఎవరు వింటారని యాకూబ్ ఒక సర్వే చేశాడు. సికింద్రాబాద్ స్టేషన్ బయట నిలబడి, పేరు, ఫోన్ నంబరు, పుట్టినరోజు చెప్పినవాళ్లకి తలా ఒక కీచైన్ ఇచ్చాడు. అడిగినవాళ్లలో కాదన్నవాళ్లు అరుదు. ఆ వివరాలన్నీ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, కమిటీ ముందుకు వెళ్లడానికి ముందురోజు పొద్దున మేడమ్ గదిలోకి నడిచాడు. తలుపు దగ్గర మేమంతా చేరాం.

"మేడమ్, ఒక్క కీచైన్‌కి పుట్టినరోజుతో సహా చెప్పేస్తున్నారు. మన జనానికి ఇంత పట్టింపు లేకపోవడం ఏమిటి?"

మేడమ్ కళ్లజోడు తుడుచుకున్నారు. "నంబర్లున్నాయిగా. వాళ్లకే ఫోన్ చేసి, ఉంచమంటారా, తీసెయ్యమంటారా అని అడుగు. ఏది చెబితే అది చెయ్యి."

ఇంకేముంది, పని వచ్చింది. ఎటూ ఉంచుకోమనే అంటారన్న ధీమాతో యాకూబ్ మొదటి ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు. ఒక పెద్దావిడ ఎత్తింది.

"ఎవరు? నా నంబర్ నీకెట్ల దొరికింది?" అని గదమాయించింది. వాడు నీళ్లు నములుతూ సంగతి చెప్పాడు. ఆవిడ గొంతు మారిపోయింది. "గా కీచైన్ పిలగానివా? తీసెయ్ బిడ్డా, తీసెయ్. నీకు పుణ్యముంటది, ఆ చీరల షాపోళ్ల దగ్గర గూడ తీపియ్యరాదు?"

మేం నవ్వాం. రెండో అతనూ తీసెయ్యమన్నాడు. మూడో ఆమె "గిట్ల గూడ అడుగుతరా?" అని ఆశ్చర్యపోయి, సర్వేలో లేని పక్కింటావిడకి ఫోన్ అందించింది, ఆమెదీ ఎక్కడుంటే అక్కడ తీసెయ్యమని. దాంతో మాకూ ఊపు వచ్చింది. తలా ఒక ఫోన్ పట్టుకుని కూర్చున్నాం. ఒక్కొక్క మనిషి వివరాలు తెర మీంచి పోతుంటే వికెట్ పడ్డట్టు కేకలు వేశాం. భోజనం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. ఎత్తనివాళ్ల వివరాలు ఉంచుకునే హక్కు మనకెక్కడిదని యాకూబే వాటినీ తుడిచేశాడు.

సాయంత్రానికి గానీ మాకు తెలివి రాలేదు. మాలో కాస్త ముందుచూపున్న వినీల తెర వైపు చూసి గుండెలు బాదుకుంది.

"యాకూబ్, సర్వే అంతా కరిగిపోయిందిరా! రేపు ఏం చూపిస్తావు? ఇంకా తుడవాల్సినవైనా ఒక కాపీ ఎక్కడో పెట్టుకో, ఎవరికి తెలుస్తుంది?"

పాపం, స్నేహం కొద్దీ అన్న మాట. వాడి వేలు ఆగింది. కమిటీ, నాన్న, ఆ వీధి, అన్నీ వాడి ముఖంలో కనిపించాయి. "తీసేస్తున్నానని వాళ్లకి చెప్పాను కదా," అన్నాడు చివరికి. మిగిలినవీ తుడిచేశాడు. ఆ క్షణాన వాడంటే నాకు చెప్పలేనంత గౌరవం కలిగింది.

అంతమందిలో ఒక్క ఆటో డ్రైవర్ మాత్రం అంతకుముందే వేరే మాట చెప్పాడు. "ఉంచుకో భాయ్. ఆటో కావాలంటే ఫోన్ కొట్టు."

యాకూబ్ తలుపు కొట్టకుండానే మేడమ్ గదిలోకి దూసుకుపోయాడు.

"మేడమ్! తీసెయ్యమన్నారు మేడమ్, అడగ్గానే తీసెయ్యమన్నారు! ఒకావిడైతే ఫోన్లోనే దండం పెట్టింది!" ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. అప్పుడు గుర్తొచ్చింది కాబోలు, గొంతు తగ్గింది. "కానీ రేపటికి చేతిలో ఏమీ లేదు మేడమ్. ఆ ఆటో అతని నంబరు తప్ప."

మేడమ్ కళ్లజోడు పెట్టుకుని వాణ్ణి తేరిపార చూశారు. మొదటిసారి ఆవిడ ముఖం నిండా నవ్వు చూశాం.

"ఇప్పుడు నాకు చెప్పిందే రేపు అక్కడా చెప్పు. అడిగి ఉంచుకున్న నంబరు అదొక్కటేగా. పొద్దున్నే అతన్ని రమ్మను. కమిటీ దగ్గరికి ఆ ఆటోలోనే వెళ్దాం."