పై సందు మూసిన పుంజు

కథ రాయడం నాకిదే మొదలు. ఎక్కణ్ణుంచి ఎత్తుకోవాలో తెలీక కోళ్లగూటి దగ్గరే ఎత్తుకుంటున్నాను.

మన్యంలో చలికాలం. పొద్దు వాలకముందే మంచు కొండ దిగి ముత్తెమ్మ పెరట్లోకి వచ్చేసింది. అక్కడ మట్టిగోడల కోళ్లగూడు. కింద తడిక తలుపు, పైన చూరు కింద జానెడు సందు. లోపల చుక్కల పెట్ట, దాని పసికూనలు, ఒక ఎర్ర పుంజు.

కంచె అవతల నక్క ఆగింది.

"అల్లుడూ! ఆ పై సందు అలా వదిలేశావేంటయ్యా? చలికి నీ తురాయి కమిలిపోతే ఊళ్లో పెట్టలకి మొహమెలా చూపిస్తావు?"

పుంజు మెడ సాచింది. "నిజమే మామా! నాకు తట్టనేలేదు."

"మరి మామలున్నది ఎందుకు? గడ్డి కుక్కెయ్."

"ఇన్నాళ్లూ లేని ప్రేమ ఇవాళ పుట్టిందేం?" అంది పెట్ట.

"నీకన్నీ అనుమానాలే!" అని కసిరి, పుంజు సందు నిండా గడ్డి కుక్కేసింది.

కాసేపు వెచ్చగానే ఉంది. తర్వాత అందరి ఊపిరీ లోపలే తిరిగి గోడలు చెమ్మగిల్లాయి. కింద పరిచిన ఊక తడిసింది. రెట్టల ఘాటుకి కళ్లు మండాయి. ఒళ్లు తడిసిన కూనలు వణకడం మొదలెట్టాయి.

"ఊపిరాడట్లేదే! తడిక తోసుకుని బయటపడదాం పదండి," అని పుంజు లేచింది.

పెట్ట తడికకి అడ్డం పడింది. "ముందు ఈ తడిక సందులోంచి చూడు. మీ మామ గుమ్మంలోనే కూర్చున్నాడు. నువ్వు తలుపు తీస్తావనే!"

పుంజు తొంగి చూసి వెనక్కి దూకింది. పెట్ట పైకెగిరి ముక్కుతో గడ్డంతా లాగి పడేసింది. చెమ్మగాలి పైకి పోయింది. గూట్లో పొడిగా ఉన్న మూల చూసుకుని కూనల్ని రెక్కల కిందికి లాక్కుంది.

"అమ్మాయ్, పిల్లలకి గాలి కొడుతుందే!" నక్క గొంతు వణికింది.

"గాలి మా నెత్తిమీదుగా పోతోందిలే మామా. నువ్వే బయట మంచులో ఉన్నావు. దుప్పటైనా తెచ్చుకోలేదా?"

ఆశ చావక నక్క కదల్లేదు. తెల్లారి ముత్తెమ్మ చీపురు పట్టుకుని వచ్చేసరికి దాని కాళ్లు కొయ్యబారిపోయాయి. వీపు మీద నాలుగు పడ్డాకే వాటికి పరుగొచ్చింది.

ఎండ రాగానే పెట్ట తడిసిన ఊకంతా బయటికి చిమ్మి ఆరబెట్టింది. పుంజు కూడా పక్కనే నిలబడి చిమ్మింది.

వరస కలిపి సలహా చెప్పేవాడు, చెప్పాక ఎక్కడ కాపు కాస్తున్నాడో చూసుకోవాలి.