గిలెం దొర తీర్చని మొక్కు

ఫ్రాన్సు దేశంలో ఓక్ చెట్ల తోపులున్న ఒక కొండసీమను తరతరాలుగా అడవిపందులే ఏలుతుండేవి. దొరలందరి పేరూ గిలెమే. కొత్త పేరు వెతికే ఓపిక కూడా లేని వంశం అది. అందుకని జంతువులు వాళ్లను లావు గిలెం, గుర్రు గిలెం, కోరలూడిన గిలెం అని గుర్తుపెట్టుకునేవి. ఆఖరివాడు వాయిదాల గిలెం. ఏ పనైనా వచ్చే వసంతానికి చూద్దామనేవాడు. చావునొక్కదాన్నే వాయిదా వెయ్యలేకపోయాడు.

ఆయనకు కొడుకుల్లేరు, ఎమెలిన్ ఒక్కతే కూతురు. తండ్రి మంచం పట్టిన మూడేళ్లూ సీమలో తగవులు తీర్చిందీ, చలికాలంలో ఓక్ కాయలు అందరికీ పంచిందీ ఆ పిల్లే.

దినాలైనా కాకముందే ఉగో అనే నక్క చంకలో తోలుచుట్టతో దిగాడు. ఆ దొరలకు పైరాజైన ఎలుగుబంటి ఎదుట సభలో దాన్ని పరిచాడు.

"మహాప్రభో, ఈ గద్దె మగవాళ్లదే. దగ్గరి మగవారసుణ్ని నేను. లావు గిలెం దొర మా ముత్తాత. వంశమంతా ఇందులో రాసుంది."

"నువ్వు నక్కవి కదయ్యా?"

"మూతి ముత్తవ్వదండి. రక్తం ముత్తాతది."

ఎలుగుబంటికి చదువు రాదు. ఆ సంగతి బయటపడకూడదని తోలుచుట్టను తలకిందులుగా పట్టుకుని, గంభీరంగా తల ఊపి, "సరిగ్గానే ఉంది. రేపు ప్రమాణం" అన్నాడు.

ఉగో ఎమెలిన్ వైపు తిరిగాడు. "ప్రమాణం కాగానే కోట ఖాళీ చెయ్యమ్మాయ్. తోపులోకి ఇకమీదట ఎవరూ రాకూడదు. కాయలన్నీ నావే."

చలికాలం గుమ్మంలో ఉంది. కాయల్లేకపోతే సగం సీమ చస్తుంది. ఎమెలిన్ ఏడుస్తూ ముసలి ఎద్దు మార్తాన్ కొట్టంలోకి పోయింది.

"అవి దొంగరాతలు తాతా. ఎవరితో చెప్పను, ఎవరు నమ్ముతారు?"

ఎద్దు నెమరు ఆపలేదు. "దొంగవని ఎందుకంటావు తల్లీ? నిజమేననుకో. పదకొండేళ్ల కిందట మీ నాన్న జ్వరంలో ఏం మొక్కుకున్నాడు?"

"బతికితే ఓడెక్కి సముద్రం దాటి, మిగతా దారంతా కాలినడకన పుణ్యక్షేత్రానికి పోతానని. బతికాడు, పోలేదు."

"దొర తీర్చని మొక్కు ఎవరిమీద పడుతుందమ్మా, మన ఆచారంలో?"

ఎమెలిన్ కళ్లు తుడుచుకుంది. "మగవారసుడి మీద" అంది నెమ్మదిగా.

మర్నాడు ఉగో ప్రమాణానికి మోకాళ్లమీద కూర్చుని తన ముందుకాళ్లు ఎలుగుబంటి అరచేతుల్లో పెట్టాడు. "గిలెం దొరది ఏదున్నా నాదే. ఒక్కటీ వదలను."

"మొక్కు కూడానా, ఉగో బాబాయ్?" అంది ఎమెలిన్ ఎంతో వినయంగా.

"అన్నీ అన్నానుగా!" అని కసిరాడు నక్క.

అప్పుడు చెప్పింది ఆ మొక్కేమిటో. సభంతా గొల్లున నవ్వింది. ఎలుగుబంటికి భక్తి మహా ఎక్కువ, నడిచేది ఇంకొకరైతే మరీను. "పదకొండేళ్లు ఆలస్యమైంది. ఇవాళే బయల్దేరు" అన్నాడు.

ఉగో తోలుచుట్టను గబగబా చుట్టెయ్యబోయాడు. "ప్రభో, ముత్తాత అంటే... కాస్త దూరపు చుట్టరికమేనండి. అసలు పేరు కూడా సరిగ్గా..."

"అంటే రాతలు దొంగవా? దొంగరాతలు తెచ్చినవాడి తోలు ఒలిచి కోటగుమ్మానికి కడతాం, తెలుసుగా?"

ఉగో తోకను ఒకసారి తడుముకున్నాడు. "అబ్బే, అచ్చమైన గిలెం రక్తమండి" అన్నాడు ఏడుపు మొహంతో.

దొర యాత్రకు పోతే ఇంటి ఆడకూతురే సీమ చూసుకోవాలన్నది కూడా అక్కడి ఆచారమే. అది నక్కకు పొలిమేర దాటించేటప్పుడు చెప్పారు. మెడలో పూలదండ వేసి, బోయినం మూట చేతికిచ్చి, కుందేళ్లు కూడా నవ్వుతూ సాగనంపాయి.

"తొందరేం లేదు బాబాయ్, నిదానంగా రండి" అని ఎమెలిన్ చెయ్యి ఊపింది. అటునుంచి అటే తోపుకు పోయి అందరి కోసం కంచె తలుపు బార్లా తెరిపించింది.

ఇంకొకరి వారసత్వం కాజెయ్యాలనుకునేవాడు ముందు ఆ పెద్దమనిషి ఏమేం ఎగ్గొట్టి పోయాడో కనుక్కోవాలి.