కొండ మీది పడవ

మార్గశిరంలో తాటిచెట్లను ముంచేసే తుఫాను వస్తుందని ఆస్థాన సిద్ధాంతి చాటింపు వేయించాడు. జాలరులంతా పడవల్ని ఇసుక మెట్టదాకా లాగి ఊరుకున్నారు. గున్నయ్య మాత్రం దుంగలు పరిచి, చుట్టాలందరి నడుములూ విరగ్గొట్టి, తన పడవను ఏకంగా కొండ నెత్తికెక్కించాడు. తీరా చూస్తే, వచ్చిన తుంపరకు ఎండుచేపలు కూడా సరిగా తడవలేదు.

వేట లేక వారం పస్తులుండి, గున్నయ్య రాజుగారి కొలువుకు వెళ్లాడు. అప్పటికే సిద్ధాంతి, "ప్రభూ! తుఫాను బయల్దేరిన మాట నిజం. జపం చేసి నేనే ఆపేశాను!" అంటున్నాడు. రాజు మురిసిపోయి బంగారు కంకణం తెప్పించాడు.

గున్నయ్య చేతులు కట్టుకున్నాడు. "మారాజా, నా అంత వెర్రోడు మీ రాజ్యంలో లేడు. దించడమెలాగో ఆలోచించకుండా పడవను కొండెక్కించాను. అయ్యగారు ఆపిన తుఫానులోంచి కాస్త వదలమనండి. నా పడవ తేలుతూ దిగిపోతే చాలు, మళ్లీ ఆపేసుకోవచ్చు."

రాజు సిద్ధాంతి వైపు తిరిగాడు. "ఆపినవాడివి, వదల్లేవా?"

సిద్ధాంతికి చలికాలంలో చెమటలు పట్టాయి.

"అయితే వెళ్లి పడవ దించే తాడు పట్టు!" అన్నాడు రాజు.

మర్నాడు కొండ మీద తాడు పట్టుకుని రొప్పుతున్న సిద్ధాంతిని చూసి గున్నయ్య నవ్వాడు. "పడవ కోసం కొండెక్కిన వెర్రోణ్ణి నేనొక్కణ్ణేనని ఇన్నాళ్లూ సిగ్గుతో చచ్చాను బాబూ. ఇయ్యాల తోడు దొరికింది."