మందు లేని తూటా

పైడమ్మ కాల్చిన వైల్డెబీస్టు పడలేదు.

పొద్దున్న ఏడింటికి కాల్చింది. గేదెకీ గుర్రానికీ మధ్యరకంగా ఉండే ఆ జంతువు ఒక్కసారి వీపు వంచి, మందతో పాటు ముళ్లపొదల్లోకి వెళ్లిపోయింది. ఇసుక మీద నెత్తుటి చుక్కలు కనిపించాయి. చుక్కల పక్కనే నమిలిన గడ్డి పచ్చగా కనిపించింది. జాడలు తీసే కాబెలో ఆ పచ్చదనాన్ని వేలితో చూపించి, పైడమ్మ మొహం చూడకుండా లేచి నిలబడ్డాడు. గుండు పొట్టలో తగిలిందన్నమాట. అలా తగిలిన జంతువు వెంటనే చావదు. బతకనూ బతకదు.

ముందు కాబెలో, వెనక సన్నాసినాయుడు, ఆ వెనక పైడమ్మ. ఐదు గంటలు నడిచారు. నెత్తురు ఆగిపోయిన చోట గిట్టల గుర్తులు పట్టుకుని నడిచారు, రాతినేల మీద అవీ పోతే విరిగిన గడ్డిపరకలు చూసుకుంటూ నడిచారు. పైడమ్మ నడుముకి నీళ్లసీసా ఉంది కానీ మూత తియ్యలేదు. ఎక్కడో అది కూడా నీళ్లు లేకుండానే నడుస్తోందని ఆమెకి ఒకటే తలపు.

మిట్టమధ్యాహ్నం ఒక తుమ్మచెట్టు నీడలో ఆ జంతువు తల వేలాడేసుకుని నిలబడి కనిపించింది. నాయుడు మూడు కర్రల ఆసరా నిలబెట్టి, తన పాత రైఫిల్ దానిమీద ఆనించి, ఒక్క గుండు కాల్చాడు. జంతువు నాలుగడుగులు వేసి మోకాళ్ల మీద కూలబడి పక్కకి ఒరిగింది.

హమ్మయ్య అనుకుంది పైడమ్మ. అనుకున్న వెంటనే సిగ్గేసింది.

సన్నాసినాయుడికి డెబ్బై రెండేళ్లు. పేరుకి సన్నాసి గానీ ఆరుగురు పిల్లల తండ్రి. ఆయన తాత విజయనగరం వైపు నుంచి ఓడెక్కి నాటాల్ చెరకు తోటలకి కూలికి వచ్చినవాడు. నాయుడు పంతొమ్మిదో ఏట చెరకు కత్తి పారేసి లారీ పట్టుకుని ఉత్తరాన లింపోపో నది వైపు వచ్చేశాడు. ముప్ఫై ఏళ్లపాటు దేశదేశాల నుంచి వేటకొచ్చిన దొరల తుపాకులు మోశాడు. ఏ దేశం తుపాకి ఎంత బరువో, దేని తూటా ఎంత దూరం పోతుందో ఆయన భుజానికి తెలుసు. తెల్లవాళ్ల పాలనలో ఆయనకి మోసే హక్కే గానీ కాల్చే హక్కు ఉండేది కాదు. కాలం మారి, యాభై దాటాక వేటగైడు లైసెన్సు చేతికొచ్చింది. ఇప్పుడు ఆ చుట్టుపక్కల గైడు కావాలనుకునేవాళ్లు ముందు ఆయన దగ్గరికే వస్తారు. ఆయన పాఠాలేమీ చెప్పడు. వెంట తిప్పుకుంటాడు, అంతే.

పైడమ్మ డర్బన్ వైపు పిల్ల. ముప్ఫై ఆరేళ్లది. నాయుడు పనిచేసే వేటభూమిలో, డబ్బిచ్చి వేటాడేవాళ్ల కోసం జంతువుల్ని పెంచే ఆ చోట, పదేళ్లు జీపు నడిపింది. ఏ మంద ఏ వేళకి ఏ నీటిగుంట దగ్గరికొస్తుందో యజమాని కంటే ఆమెకే ఎక్కువ తెలుసు. ఇంత తెలిసినదాన్ని జీపు దగ్గరే ఎందుకుండిపోవాలని ఒకనాడు అనుకుంది. రెండేళ్ల కిందట గైడు పరీక్షకి పేరిచ్చి, నాయుడి వెంట తిరగడం మొదలుపెట్టింది.

పేరిచ్చిన రోజే తుపాకి కొనడానికి పట్నం వెళ్లింది. దుకాణందారు ఆమెని ఎగాదిగా చూసి, అడక్కుండానే సన్నటి గొట్టం ఉన్న ఒక చిన్న కాలిబర్ రైఫిల్ తీసి బల్ల మీద పెట్టాడు. ఆడవాళ్ల చేతికి ఇది హాయిగా ఉంటుంది, తన్నదు అన్నాడు. పక్కన నిలబడ్డ ఇద్దరు మగవాళ్లు నవ్వారు. పెద్దగా ఏం నవ్వలేదు, కొంచెమే. పైడమ్మ వాళ్లవైపు తిరగలేదు. గోడమీద అన్నిటికంటే పైనున్న త్రీ సెవెంటీఫైవ్ రైఫిల్ చూపించి, అది దింపమంది. దాని తూటా చూపుడువేలంత పొడుగు. అడవిదున్నని పడగొట్టే తుపాకి అది. మైదానాల్లో తిరిగే జింకలకీ జీబ్రాలకీ అంత అవసరం లేదు. ఆ సంగతి పైడమ్మకీ తెలుసు.

అప్పట్నించీ దాంతోనే కాలుస్తోంది. తుపాకి పేలినప్పుడల్లా గుర్రం తన్నినట్టు భుజం అదిరేది. కుడి భుజం చంక దాకా నేరేడుపండు రంగుకి తిరిగింది. ఎండాకాలంలో కూడా నిండు చేతుల చొక్కా వేసుకుని తిరిగేది. ఎవరైనా చూసి ఏమైనా అంటారేమోనని.

ఆ సాయంత్రం యజమాని కబురు పంపాడు. కోపంగా ఏమీ అనలేదు. ఇది రెండోసారి అన్నాడు. మూడోసారి ఒక జంతువు గాయంతో పొదల్లోకి పోతే మళ్లీ జీపు దగ్గరికి వెళ్లిపొమ్మన్నాడు. పైడమ్మ తలూపింది. ఆయన మాటలో తప్పేమీ లేదని ఆమెకే అనిపించింది.

తిరిగి వచ్చేసరికి నాయుడు తన గది ముందు ముక్కాలిపీట మీద కూర్చుని కత్తి నూరుకుంటున్నాడు. పైడమ్మ టీ కాచి ఆయనకో గ్లాసిచ్చి మెట్టుమీద కూర్చుంది. కాసేపటికి, పొద్దుట్నించీ మనసులో తిప్పుకుంటున్న మాట బయటపెట్టింది.

"తాతా, ఈ తుపాకి చాలట్లేదేమో. దీనికంటే పెద్దది, ఫోర్ ఫిఫ్టీ ఎయిట్‌కి మారితే ఎలా ఉంటాది? అది ఎక్కడ తగిలినా పడిపోతాదంట."

నాయుడు టీ తాగుతూ ఆలకించాడు. పైడమ్మ ఇంకా చెప్పుకుపోయింది. దూరం ఎక్కువైతే గుండు ఎంత కిందికి దిగుతుందో, బరువైన గుండు మంచిదో వేగమైన గుండు మంచిదో, పుస్తకాల్లో చదివిందీ, వేటకొచ్చినవాళ్లు చెప్పుకోగా విన్నదీ అన్నీ చెప్పింది. కూడూ జింకకి ఏది, జీబ్రాకి ఏది, అన్నిటికీ కలిపి ఒక్కటే ఉంచుకుంటే ఏది అని అడిగింది. కొత్త రైఫిల్ పేరు ఆయన నోట వస్తే రేపే పట్నం వెళ్లేట్టుంది.

"నీ తూటాలు ఓ నాలుగు ఇచ్చి పో" అన్నాడు నాయుడు.

గ్లాసు కింద పెట్టి మళ్లీ కత్తి నూరుకోసాగాడు.

మర్నాడు పొద్దున్నే గురి చూసుకునే బయలుకి వెళ్లారు. వంద గజాల అవతల మట్టికట్ట, దానికి ఆనించి అట్టముక్క, అట్టముక్క మీద నల్లచుక్క. ఇవతల ఒక బల్ల, ఇసుక సంచులు. కాబెలో కూడా వచ్చి కాస్త దూరంగా కూర్చున్నాడు.

నాయుడు ఆమె తుపాకి తానే అందుకున్నాడు. ఆమెకి వీపు పెట్టి తూటా ఎక్కించి, బోల్ట్ మూసి, చేతికిచ్చాడు. శిష్యురాలికి గురువు తుపాకి నింపి ఇవ్వడం ఆ రెండేళ్లలో ఎప్పుడూ లేదు. నిన్నటి సంగతికి జాలిపడుతున్నాడేమో అనుకుని పైడమ్మ లోపల కొంచెం నొచ్చుకుంది.

మొదటిది పేలింది. మట్టికట్ట మీద, అట్టముక్కకి జానెడు కింద దుమ్ము లేచింది. నాయుడు తుపాకి తీసుకుని మళ్లీ నింపి ఇచ్చాడు.

పైడమ్మ చుక్కని తుపాకి మీది దుర్భిణిలో పట్టుకుంది. ఊపిరి సగం వదిలి, సగం ఆపింది. మీట నొక్కింది.

టిక్కుమంది.

తుపాకి పేలలేదు. భుజాన్ని ఏమీ తన్నలేదు. అయినా తుపాకి గొట్టం బెత్తెడు కిందికి దూకింది. ఆమె భుజం ముందుకి విసురుగా పడింది. పళ్లు బిగుసుకున్నాయి. కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాయి. ఆ కళ్లు తెరిచేసరికి బయలంతా నిశ్శబ్దంగా ఉంది. ఎక్కడో ఒక పిట్ట అరుస్తోంది. కాబెలో బూటు తాడు కట్టుకుంటున్నట్టు వంగున్నాడు.

నాయుడు తుపాకి అందుకుని, మళ్లీ వీపు పెట్టి, మళ్లీ నింపి ఇచ్చాడు.

ఈసారి పేలుతుందో పేలదో ఆమెకి తెలీదు. కదలకూడదని ఒట్టు పెట్టుకుంది. కళ్లు మూయకూడదనుకుంది. మీట నొక్కింది. మళ్లీ టిక్కుమంది. మళ్లీ గొట్టం దూకింది, మళ్లీ కళ్లు మూసుకున్నాయి. తను వద్దనుకున్నా ఒళ్లు వినలేదు, తన్ను రాకముందే బెదిరిపోతోంది.

తుపాకి బల్ల మీద పెట్టేసింది. బోల్ట్ తీసి చూస్తే లోపల తన తూటాయే. నాయుడు నిన్న సాయంత్రం దాని గుండు పీకి, మందు ఒంపేసి, గుండు మళ్లీ బిగించాడు. అడుగున, మందుని అంటించే టోపీని ముందే పేల్చేసిన గుర్తుంది. పైడమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత అందరి ఎదుటా, ఆ రెండేళ్లలో మొదటిసారి, కుడి భుజాన్ని ఎడమ చేత్తో పట్టుకుని నెమ్మదిగా రుద్దుకుంది.

"నొప్పెడతాదా?" అన్నాడు నాయుడు.

"చాలా నొప్పెడతాది తాతా."

ఆ మాట నోటితో అన్నాక ఆమెకి గుండెల మీంచి బండ దింపినట్టయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి కానీ ఏడుపు కాదది. నాయుడు తన రైఫిల్ సంచిలోంచి తీసి ఆమె ముందు పెట్టాడు. ఏడు మిల్లీమీటర్లది. దాని గుండు పెన్సిలు మందం ఉంటుంది. నిన్న తుమ్మచెట్టు కింద పని చేసింది అదే. ఆయన చేతిలో రెండేళ్లుగా చూస్తూనే ఉంది గానీ, అది ఏ కాలిబరని ఆమె ఏనాడూ అడగలేదు.

"పట్నంలో వాడు నా ముందు పెట్టింది ఇలాంటిదే" అంది. "ఆడవాళ్ల తుపాకి అన్నాడు."

"అవునా. నాకీ మాట ఎవుడూ సెప్పనేదమ్మీ."

కాబెలోకి తెలుగు రాదు. అయినా పైడమ్మ నవ్వడం చూసి తనూ నవ్వాడు.

ఆ తర్వాత మూడు వారాలు ఆమెకి పేలే తూటా దక్కలేదు. పొద్దునా సాయంత్రం ఉత్త తుపాకితో సాధన. గొట్టం చివర ఒక ఖాళీ తూటా తొడుగు నిలబెట్టి మీట నొక్కమనేవాడు. తొడుగు పడితే మళ్లీ నిలబెట్టాలి. మొదటి రోజు ప్రతిసారీ పడింది. నాలుగో వారంలో అసలువీ మందు లేనివీ కలిపి ఇవ్వడం మొదలుపెట్టాడు. ఏది ఏదో చెప్పేవాడు కాదు. టిక్కుమన్నప్పుడు గొట్టం కదలకుండా నిలబడ్డ రోజున, ఒక టీ ఎక్కువ తాగాడు. మెప్పు అంటే అదే. భుజం మీది నలుపు పసుపుగా మారి, మెల్లిగా పోయింది. పైడమ్మ మళ్లీ పొట్టి చేతుల చొక్కాలు వేసుకుంది.

వానలు తప్పిన ఏడాది అది. గడ్డి చాలక మందలు తగ్గించాల్సి వచ్చింది. ఒక ముసలి కూడూ మగదాన్ని తియ్యమని యజమాని చెప్పాడు. మెలితిరిగిన పెద్ద కొమ్ముల జింక అది. పళ్లరిగిపోయి మేత నమలలేకపోతోంది. ఆ పని పైడమ్మకి అప్పజెప్పమని నాయుడే అడిగాడట. యజమాని కాసేపు ఆలోచించి సరే అన్నాడట. గురి తప్పితే ఇదే మూడోసారి అవుతుందని అందరికీ తెలుసు.

తెల్లారగట్ల బయల్దేరారు. తొమ్మిదింటికి కాబెలో చెయ్యెత్తి ఆపాడు. పొదల అంచున బూడిదరంగు వీపు, దానిమీద సన్నటి తెల్లచారలు. రెండు వందల గజాలుంటుంది. త్రీ సెవెంటీఫైవ్ చేతిలో ఉంటే పైడమ్మ అక్కణ్ణించే కాల్చేది. ఇప్పుడు చేతిలో ఉన్నది నాయుడి ఏడు మిల్లీమీటర్లది, అందుకని కూర్చుంది, పాకింది. ముళ్లు మోచేతుల్లో దిగాయి. గాలి మొహానికి తగులుతోంది, వాసన అటు పోదు. ఎనభై గజాల దాకా వెళ్లింది. నాయుడు ఆమెకి రెండు బారల వెనక ఉన్నాడు. ఆయన తన చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం ఆమెకి ఓరకంట కనిపించింది.

కూడూ తల ఎత్తింది. పక్కకి తిరిగి నిలబడింది. పైడమ్మ మూడు కర్రల మీద రైఫిల్ ఆనించింది. దుర్భిణిలోని గీతని ముందుకాలి వెంట పైకి జరుపుకుని, ఒంటి ఎత్తులో మూడోవంతు దగ్గర, గుండె ఉండే చోట, ఆగింది. ఊపిరి సగం వదిలింది.

పేలిందని ఆమెకే ఒక క్షణం ఆలస్యంగా తెలిసింది.

జంతువు ఎగిరి, ముప్ఫై అడుగులు పరిగెత్తి, నడుస్తున్నట్టే నడుస్తూ ఒరిగిపోయింది. అవతల పొదల్లో ఉన్న మంద చెదిరిపోయింది. దుమ్ము నెమ్మదిగా అణిగింది. కాబెలో ముందుకు వెళ్లి, గడ్డిపరకతో కంటిని తాకి చూసి, చచ్చిందని చెయ్యి పైకెత్తాడు.

పైడమ్మ అక్కడే నేలమీద కూర్చుండిపోయింది. నీళ్లసీసా మూత తీసి గటగటా సగం తాగేసింది. ఊపిరి హాయిగా ఆడుతోంది. జీపు దగ్గరికి పోనక్కర్లేదు. ఆ జంతువు ఐదు గంటలు నడవనక్కర్లేదు. రెండోదే ఆమెకి ఎక్కువ హాయిగా అనిపించింది.

నాయుడు మోకాళ్లు పట్టుకుని లేచి వచ్చి పక్కన నిలబడ్డాడు. రైఫిల్ తీసి ఆయనకి ఇవ్వబోయింది. ఆయన అందుకోలేదు.

"తగిలినప్పుడు సూసావా?" అన్నాడు.

కూడూ భుజం వెనకాల, ఒక రూపాయి కాసంత చోట, బూడిదరంగు వెంట్రుకలు ఉలిక్కిపడ్డట్టు కదలడం పైడమ్మ కళ్లకి ఇంకా కడుతోంది. ఇన్నాళ్లూ ఎన్నో జంతువుల్ని కాల్చింది. గుండు తగలడం మాత్రం ఇవాళే చూసింది.

"చూశాను తాతా."

"మరింకేటి" అన్నాడు నాయుడు. "ఇక నీకు నచ్చిన తుపాకి పట్టుకో."

కూడూ పడిన వైపు నడిచాడు.